నెలకొక్క ఉత్తరం

లాకులపేట పోస్టాఫీసులో త్రిమూర్తులు ఇరవై తొమ్మిదేళ్లుగా పోస్టుమాన్. ఇన్నేళ్లూ ఊరంతా నడిచాడు గానీ తన నడకకి కారణమేమిటని ఒక్కరోజూ ఆలోచించలేదు. ఉత్తరాలుంటాయి, ఇళ్లుంటాయి, మధ్యలో తానుంటాడు, అంతే అనుకునేవాడు. ఆ కారణాన్ని తపాలా మండలి వారు కనిపెట్టి, నాలుగు పేజీల సర్క్యులరుగా అచ్చువేసి పంపారు. రిటైరవడానికి ఇంకా ఏడాదిన్నర ఉందనగా త్రిమూర్తులుకి చిక్కులు మొదలైంది అక్కడే.

సర్క్యులరు చదివి ఊరుకుంటే సిబ్బందికి అర్థం కాదని, వివరించడానికి ఆదాయ సమన్వయాధికారి నిశ్చలానందరావు గారు స్వయంగా కారులో వచ్చారు. ఆయనకి టీ ఇచ్చారు. ఫ్యాను కింద కుర్చీ వేశారు. పోస్టుమాస్టరు జోగారావు గారు పక్కన నిలబడ్డారు. జోగారావు గారు మంచివారు. పైనుంచి ఎవరొచ్చి ఏమన్నా "చాలా శాస్త్రీయంగా ఉందండి" అనడం ఆయనకి అలవాటు.

"ఏమయ్యా, నువ్వు దేనికోసం నడుస్తున్నావు?" అని అధికారి త్రిమూర్తుల్ని అడిగారు.

"జీతం కోసమండి."

"తప్పు. ఉత్తరం కోసం నడుస్తున్నావు. నీ సంచిలో ఉన్న ప్రచార తపాలా కోసం, అనగా కరపత్రాల కోసం నువ్వు నడవవు. నువ్వు ఎటూ వెళ్తున్నావు గనుక కరపత్రం నీ వెంట వచ్చును. పెళ్లివారి వ్యానులో దారి మధ్య ఎక్కినవాణ్ని డీజిలు ఖర్చు పెట్టుకోమంటామా? అనము. కావున నీ జీతం, నీ గొడుగు, నీ చెప్పులు, యావత్తు వ్యయమూ ఉత్తరాలే భరించవలెను. కరపత్రానికి మూడు పైసలు చాలును."

త్రిమూర్తులు సంచి వంక చూసుకున్నాడు. అందులో ఉత్తరాలు పిడికెడున్నాయి. మోకాళ్ల నొప్పుల తైలం, ప్రెషరు కుక్కర్ల మార్పిడి మేళా, ఆర్నెల్లలో ఇంగ్లీషు, రెండేళ్లలో ఐఐటీ, ఇలాంటి కాగితాలు గంపెడున్నాయి.

"బరువంతా పాంప్లెట్లదేనండి. భుజం లాగేస్తందండి."

"బరువు వేరు, కారణం వేరు," అన్నారు అధికారి.

"చాలా శాస్త్రీయంగా ఉందండి," అన్నారు జోగారావు గారు.

లెక్క సులువే. త్రిమూర్తులు నడకకి నెలకయ్యే ఖర్చు ముప్పై ఒక్కవేల నాలుగువందల రూపాయలు. కిందటి నెల ఊళ్లో పంచిన ఉత్తరాలు పదిహేనువందల డెబ్భై. దాన్ని దీంతో భాగించారు. ఉత్తరం ఇరవై రూపాయలైంది. ధర చూసి జనం ఉత్తరాలు తగ్గించారు. ఆ నెల ఆరువందల ఇరవై ఎనిమిదే వచ్చాయి, ఖర్చు మాత్రం అంతే ఉంది, కాబట్టి మరుసటి నెల ఉత్తరం యాభై అయింది. ఆపై నెలలో రెండువందలు. అటు తర్వాత నలుగురంటే నలుగురు రాశారు, ధర ఏడువేల ఎనిమిదివందల యాభైకి చేరింది.

మండలి వార్షిక నివేదికలో మాత్రం అంతా బాగానే ఉంది. కరపత్రాల మీద ఒక్క లాకులపేటలోనే నెలకి ముప్పై నాలుగు వేలు వచ్చింది, అందులో ఖర్చన్నది లేదు గనుక మొత్తం లాభమే. నష్టం ఎక్కడైనా ఉంటే అది ఉత్తరాలు రాసే అలవాటు వల్ల వస్తోందని, ప్రజలు ఆ అలవాటు మానుకునే దిశగా పయనిస్తున్నారని నివేదిక సంతోషించింది.

ప్రజలు అలవాటు మానలేదు. దారి మార్చారు. ఆ దారి మొదట తొక్కినవాడు కొబ్బరిపీచు వ్యాపారి బులిరాజు. అతని బావమరిది ఊళ్లోనే అవతలి వీధిలో ఉంటాడు. ఆయిలింజను పట్టుకెళ్లి రెండేళ్లయినా తెచ్చివ్వలేదు. ఎదురుపడితే చుట్టరికం అడ్డొస్తుంది, అందుకని బులిరాజు ఉత్తరంలో కడిగేద్దామనుకున్నాడు. పోస్టాఫీసుకొచ్చి ధర విన్నాడు. పక్కనే గోడమీద కరపత్రాల ధర చూశాడు. ఊళ్లో పన్నెండు వందల అరవై ఇళ్లు, ఇంటికి మూడు పైసలు, మొత్తం ముప్పై ఏడు రూపాయల ఎనభై పైసలు.

"అంటే మాస్టారూ, మా బావమరిదికొక్కడికే పంపితే ఏడువేలెనిమిదొందల యాభై, ఊరందరితో పాటు వాడిక్కూడా పంపితే ముప్పై ఎనిమిదా?"

జోగారావు గారు పుస్తకం తిరగేసి, అవునన్నారు. కాకపోతే కాగితంలో వ్యాపార ప్రతిపాదన ఒకటి ఉండితీరాలన్నారు. మర్నాడు త్రిమూర్తులు పన్నెండు వందల అరవై ఇళ్లలో ఈ ఉత్తరం వేశాడు: "బావా, నా ఇంజను నీ అబ్బసొత్తనుకున్నావా? ఆదివారం లోగా తెచ్చి ఇవ్వకపోతే నేనే మనుషుల్ని పెట్టి ఎత్తించుకుపోతాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు. మా వద్ద మేలురకం కొబ్బరిపీచు టోకున లభించును."

నాలుగు రోజులకి బావమరిది జవాబు కూడా ఇల్లిల్లూ చేరింది. ఇంజను తీసుకున్న మాట నిజమేననీ, అది అసలు తమ తాతగారు కొన్నదేననీ, తమ వద్ద నాటుకోడి గుడ్లు దొరుకుననీ అందులో ఉంది. అప్పటిదాకా కరపత్రాలని పొయ్యిలో పెట్టుకునే జనం, ఇప్పుడు త్రిమూర్తులు కోసం అరుగుల మీద కూర్చుని ఎదురుచూడసాగారు. సగం ఊరు బులిరాజు పక్షం, సగం బావమరిది పక్షం. ఇక శుభలేఖలు, పరామర్శలు, అల్లుడి అలకలు, అత్తగారి ఆరోపణలు, అన్నీ కింద ఒక సరుకు పేరు తగిలించుకుని ఊరంతా తిరిగాయి. సైకిలు షాపు కుర్రకారులో ఒకడు "పచ్చగేటు ఇంట్లో మల్లెపూలు పెట్టుకునే అమ్మాయికి" అంటూ హృదయమంతా విప్పి, చివర ట్యూబులకి ప్యాచీలు వేయబడునని రాశాడు. ఊళ్లో పచ్చగేట్లు పదకొండున్నాయి. వారం తిరిగేసరికి పదింటికి నీలం రంగు పడింది. పదకొండో గేటువాళ్లు రంగెందుకు వేయలేదన్నది ఊరివాళ్లకి మరో నెలకి సరిపడా కబురైంది.

త్రిమూర్తులుకి ఇది నచ్చలేదు. ఒకరి ఉత్తరం మరొకరి కంట పడనివ్వకుండా ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసినవాడు. తడిసిన కవరుని సైతం తెరుచుకుపోకుండా బొడ్డులో దోపుకుని తెచ్చినవాడు. ఇప్పుడు ఎవరింటి గుట్టు వాళ్లే అచ్చేసి ఇస్తుంటే పన్నెండు వందల అరవై గుమ్మాల్లో తనే పంచుతున్నాడు. ఇంటికెళ్లి అన్నం కూడా సరిగ్గా తినేవాడు కాదు.

ఆ నెల అసలైన ఉత్తరం ఒకే ఒక్కటి వచ్చింది. అది వకీలు నోటీసు. నోటీసు ఖర్చు కక్షిదారుది కాబట్టి వకీలు వెనకాడలేదు. దాంతో కొత్త ధర ఖాయమైంది. ఉత్తరం ఒక్కింటికి ముప్పై ఒక్కవేల నాలుగువందలు.

సరిగ్గా అప్పుడే మంగతాయారుకి ఉత్తరం రాయాలనిపించింది.

మంగతాయారు కాలవగట్టున దిబ్బరొట్టెల కొట్టు నడుపుతుంది. ఆమె చెల్లెలు రామతులసి కాలవకి అవతలొడ్డున ఉంటుంది. మధ్య వంతెన దాటితే ఏడు నిమిషాల నడక. తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. చెల్లెలి గృహప్రవేశం నాడు బంతిలో కూర్చున్న అక్క, పనసపొట్టు కూరలో ఆవ తక్కువైందని నలుగురిలో అంది. వడ్డిస్తున్న చెల్లెలు, నచ్చనివాళ్లు కూర్చోనక్కర్లేదంది. అక్క సగం విస్తట్లోంచి లేచి వచ్చేసింది. శుభకార్యంలో తోబుట్టువు విస్తరి ముందునుంచి లేచిందంటే సామాన్యం కాదు. ఆ తర్వాత చెల్లెలి భర్త పోయినప్పుడు వెళ్దామని మంగతాయారు మూడుసార్లు వంతెన మధ్యదాకా వెళ్లి, ఏ మొహంతో వెళ్లనని వెనక్కొచ్చేసింది. ఊరందరికీ తెలిసిందింతే. అసలు ఆ రోజు ఆమె ఎందుకలా అందో ఆమెకొక్కదానికే తెలుసు. అదే రాసింది, రెండు పేజీలు, కవరులో పెట్టి అంటించి.

త్రిమూర్తులు రొట్టె తినడానికి వచ్చినప్పుడు ధర చెప్పాడు. ఆమె అట్లకాడ పక్కన పెట్టేసింది.

"ముప్పై ఒక్కవేలా? చెల్లెల్ని క్షమించమని అడగడానికా?"

"పోనీ ఫోను చెయ్యకూడదా తాయారమ్మ గారూ?"

"చేసి ఏమంటాను? హలో అంటాను. తరవాత?"

"మరి అందరిలాగే పాంప్లెట్టు... ముప్పై ఎనిమిదేనండి. కింద దిబ్బరొట్టెలు దొరుకునని రాస్తే సరిపోద్ది."

మంగతాయారు అతని వంక చూసిన చూపుకి త్రిమూర్తులు సిగ్గుపడిపోయాడు. "నువ్వేనా మూర్తులూ ఈ మాటంటన్నావు? ఇది దానికొక్కదానికే చెప్పాల్సిన మాట. దేవుడి దగ్గర కూడా అనలేదు నేను."

"అయితే ఇలాగివ్వండి. చేత్తో పట్టుకెళ్లి ఇచ్చేత్తాను."

"నీ ఉద్యోగం?"

ఉద్యోగం మాట నిజమే. స్టాంపు లేని ఉత్తరాన్ని అభిమానం కొద్దీ మోసుకెళ్లడాన్ని సర్క్యులరు మూడో పేజీలో "అనధికార ఆప్యాయతా రవాణా" అన్నారు. శిక్ష ఉద్యోగంలోంచి తీసెయ్యడమే. పద్నాలుగు నెలల్లో పింఛనుంది. మంగతాయారు కవరుని గల్లాపెట్టెలో పెట్టి మూత వేసింది. ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క రహస్యం అలా చిల్లర కింద పడుకుంది.

ఇరవయ్యో తారీకున వచ్చే నెల ధర లెక్క కట్టబోతే పోస్టాఫీసులో కంప్యూటరు ఆగిపోయింది. ఆ నెల ఇంతవరకూ ఉత్తరాలు సున్నా. సున్నాతో భాగించడం తనవల్ల కాదని కంప్యూటరు ఎర్ర అక్షరాలతో చెప్పింది. జోగారావు గారు పైకి ఫోను చేశారు. మూడు గంటల్లో నిశ్చలానందరావు గారి కారు వచ్చింది. ఈసారి ఆయన టీ తాగలేదు.

"ఉత్తరం లేదు, కావున పోస్టుమాన్ నడకకి కారణం లేదు. కారణం లేని నడకకి జీతం ఇవ్వరాదు. అతడు నడవనిచో అతని వెంట పోవు కరపత్రాలు పోజాలవు. నెలకి పదకొండు లక్షల కరపత్రాలు! ఒక్క ఉత్తరం మీద ఆధారపడి ఉన్నాయండీ, ఒకే ఒక్క ఉత్తరం మీద!"

"చాలా శా..." అని జోగారావు గారు అలవాటు కొద్దీ మొదలెట్టి ఆగిపోయారు.

అప్పటికే వెనక గదిలో కరపత్రాల కట్టలు కిటికీ ఎత్తుకి పేరుకున్నాయి. మండలే ఒక ఉత్తరం రాసుకుంటే పోలేదా అని త్రిమూర్తులు అడిగాడు. మండలి తనకు తాను ఉత్తరం రాసుకుంటే అది స్వీయ వ్యవహారం అవుతుందట, నిబంధన ఒప్పదట. సిబ్బంది రాయకూడదు. ఉత్తరం నిజమైనదై ఉండాలి, ఒక మనిషి మరొక మనిషికి మాత్రమే చెప్పుకోవలసిన విషయం అందులో ఉండాలి. అలాంటిది ఊళ్లో ఎక్కడైనా ఉందేమో వెతకమని ఆర్డరు వేశారు.

వెతకాల్సిన పని లేదు, అదెక్కడుందో త్రిమూర్తులుకి తెలుసు. గంటలో అధికారి దిబ్బరొట్టెల కొట్టు బల్లమీద కూర్చున్నారు.

"అమ్మా, తమరి లేఖ జాతికి అవసరం."

"జాతికెందుకండీ, అది మా చెల్లికి," అంది మంగతాయారు.

ధర తగ్గించడానికి వీల్లేదు, లెక్క శాస్త్రీయమైనది. కాని కరపత్రాలు ఆగిపోతే ఎక్కువ నష్టపోయేది మోకాళ్ల తైలం కంపెనీ. ఆ ముప్పై ఒక్కవేల నాలుగువందలూ తామే కడతామని వాళ్లు ముందుకొచ్చారు. కవరు మీద తమ తైలం సీసా బొమ్మ వేయాలన్నారు.

"బొమ్మా గిమ్మా వద్దండి. నా చెల్లికి మోకాళ్లు పట్టేసి రెండేళ్లయిందని విన్నాను. వెక్కిరించడానికే రాశాననుకుంటది."

రెండు రోజులు బేరాలు జరిగాయి. చివరికి సీసా బొమ్మ కవరు మీద కాకుండా త్రిమూర్తులు వీపు మీద వేసేందుకు ఒప్పందమైంది. పసుప్పచ్చ చొక్కా, దాని మీద నిలువెత్తు సీసా. త్రిమూర్తులు అది తొడుక్కుని అద్దంలో చూసుకోలేదు. కవరు తన చేతికొచ్చింది, అంటించిన మడత చెక్కు చెదరలేదు, అది చాలనుకున్నాడు.

బయల్దేరబోతుంటే నిశ్చలానందరావు గారు అతన్ని పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, స్టాంపు అంటించిన ఖాళీ కవరొకటి ఇచ్చారు.

"వచ్చే నెల సంగతి ఆలోచించావా? ఈమె ఉత్తరానికి ఆమె జవాబు రాయాలి. జవాబుకి ఈమె జవాబు. ఒక మంచి కలహం మన అదృష్టం కొద్దీ దొరికింది. అయితే అందులో ఒక ప్రమాదం లేకపోలేదు. వాళ్లు ఎదురుపడి మాట్లాడుకున్నారనుకో, ఉత్తరాల అవసరం తీరిపోవును. కావున సోదరీమణుల మధ్య ప్రస్తుత దూరాన్ని యథాతథంగా కొనసాగించు బాధ్యత నీది. వస్తానంటే, అక్క ఊళ్లో లేదని చెప్పు. రాసివ్వమను, కంపెనీ ఖర్చులో పంపుతామను. నేను వంతెన దగ్గరుంటాను. జవాబు అందుకుంటున్నట్టు ఫోటో కావాలి."

"అబద్ధమాడమంటారాండి?"

"పాలనాపరమైన జాప్యం అంటాం దాన్ని."

త్రిమూర్తులు కాలవ దాటి వెళ్తూ లెక్కేసుకున్నాడు. అతనికీ లెక్కలొస్తాయి. పద్నాలుగు నెలలు, పద్నాలుగు ఉత్తరాలు. అక్కవి ఏడు, చెల్లివి ఏడు. అంతవరకూ నెట్టుకొస్తే పింఛను చేతికొస్తుంది, తర్వాత వాళ్లిష్టం. తొమ్మిదేళ్లు మాట్లాడుకోనివాళ్లకి ఇంకో ఏడాది పెద్ద లెక్కా? ఇలా తనకి తానే నచ్చజెప్పుకుంటుంటే ఎవరో అధికారి తన నోట్లోంచి మాట్లాడుతున్నట్టనిపించి, ఉమ్మేసి ముందుకెళ్లాడు.

రామతులసి వసారాలో మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కవరు మీది దస్తూరీ చూడగానే చేతులు చీరకి తుడుచుకుంది, చాలదన్నట్టు లోపలికెళ్లి కడుక్కుని వచ్చింది. త్రిమూర్తులు వీధివైపు తిరిగి నిలబడ్డాడు. ఆమెకి కనబడేది తైలం సీసా మాత్రమే. అతనికి వెనకనుంచి కాగితం చప్పుడు వినబడింది. ఒక పేజీ తిరిగింది. చాలాసేపటికి మళ్లీ మొదటి పేజీకి వచ్చింది. అందులో ఏం రాసుందో త్రిమూర్తులు చదవలేదు, ఆమె చెప్పలేదు, కాబట్టి ఆ సంగతి మనకీ తెలియదు.

"మూర్తులూ," అందామె. "ఈ టయానికి మా అక్క కొట్లోనే ఉంటదా?"

త్రిమూర్తులు దారిపొడవునా కూడబలుక్కున్న మాట నాలుక చివరనే ఉంది. ఊళ్లో లేరండి, రాసివ్వండి, ఖర్చు కూడా లేదు. చేతిలో ఖాళీ కవరు ఉంది. జేబులో పెన్ను ఉంది. వెనక్కి తిరిగాడు. రామతులసి ఉత్తరాన్ని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని, చిన్నపిల్లలా జవాబు కోసం అతని మొహం చూస్తోంది. ఇన్నేళ్లలో అతను ఇచ్చిన ఏ ఉత్తరానికీ ఎవరి మొహంలోనూ అంత ఆత్రం చూడలేదు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఉంటారండి," అన్నాడు. "రేపటి రొట్టెలకి పప్పు నానబోసుకుంటా ఉంటారు. ఎక్కడికీ ఎల్లరు."

"మరి ఆ కవరేంటి చేతిలో?"

"ఏం లేదండి. ఖాళీది." నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కేశాడు. "మోకాళ్లు నొప్పంట గదా, వంతెన ఎక్కగలరాండి?"

"తొమ్మిదేళ్ల నుంచీ ఎక్కుదామనే చూత్తన్నాను," అంటూ రామతులసి చెప్పులేసుకుంది.

మిగతా ఇళ్లలో వేయాల్సిన కరపత్రాల సంచి ఆమె వసారాలోనే ఉండిపోయింది. త్రిమూర్తులు ఆమెకి గొడుగు పట్టాడు. పదడుగులకోసారి ఆగుతూ, ఏడు నిమిషాల దారి అరగంట నడిచారు. వంతెన మీద నిశ్చలానందరావు గారు తల దువ్వుకుని, ఫోటోగ్రాఫరుని పక్కన పెట్టుకుని, చెయ్యి ముందుకి చాచి సిద్ధంగా ఉన్నారు. పోస్టుమాన్ చేతిలో గొడుగు తప్ప ఏమీ లేకపోవడం చూసి ఆయన మొహం మాడింది.

"జవాబేదయ్యా? రాయలేదా ఆవిడ?"

త్రిమూర్తులు గొడుగు కాస్త పక్కకి వంచి, అడ్డు తప్పుకోమని ఆయనకి సైగ చేశాడు.

"అదిగోండి, నడిచొత్తంది."